విప్పిన చేయే బిగించాలి: జి.డి. నాయుడు జీవితం

తెల్లవారుజామున హోసూరు బస్టాండు వద్ద కాసేపు నిలబడితే బాగలూరు, బేరికె, డెంకణికోట, శూలగిరి వైపు పల్లెలనుండి వచ్చే యువతీయువకులు కర్మాగారాల బస్సులు ఎక్కుతూ కనిపిస్తారు. 1980 ప్రాంతంలో ఇక్కడ ఒకవైపు మోపెడ్ల తయారీ, మరొకవైపు లారీల తయారీ ఆరంభమైన నాటినుండి ఈ దృశ్యం మనకు నిత్యమైంది. వీరిలో చాలమంది చేసే పని ఏమిటని అడిగితే ఇంటి పెద్దలు కొంచెం చిన్నబుచ్చుకుంటూ, బోల్టులు బిగించే పని అని చెబుతారు. చదువు అబ్బనివారికి మిగిలిన పని అన్న ధ్వని అందులో వినిపిస్తుంది.

బోల్టు బిగించడమూ, బిగించినది ఊడకుండా చూడడమూ నిజంగా అంత అల్పమైన విద్యేనా? ఈ ప్రశ్నకు సమాధానంగా ఒక మహనీయుని జీవితాన్ని పాఠకుల ముందుంచాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. ఆయన మనవలెనే తమిళనాట పుట్టి, ఇంట తెలుగు మాటాడే కుటుంబంలో పెరిగినవారు. ఆయనే కోయంబత్తూరు జి.డి. నాయుడు గారు. పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు.

కలంగల్ పల్లెలో

విజయనగర రాజుల, నాయకరాజుల కాలంలో దక్షిణానికి తరలివచ్చి కొంగునాట స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. నల్లరేగడి నేలలను సాగుచేసి, పత్తి పండించి, పిమ్మట మిల్లులు స్థాపించి కోయంబత్తూరుకు పారిశ్రామిక కీర్తిని తెచ్చినవారిలో వారి పాత్ర గణనీయం. అటువంటి ఒక రైతు కుటుంబంలో, కోయంబత్తూరుకు సమీపంలోని కలంగల్ గ్రామంలో, 1893 మార్చి 23న నాయుడు గారు జన్మించారు. చిన్ననాడే తల్లిని కోల్పోయారు.

బడి ఆయనకు పట్టలేదు. ప్రాథమిక తరగతులతోనే చదువు ఆగిపోయింది. ఉపాధ్యాయుల కళ్ళలో ఇసుక చల్లి పారిపోయే అల్లరి పిల్లవాడని కొంగునాట నేటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న నాకు ఈ కథ చెప్పడం కొంత ఇబ్బందే. అయినా దాచి ప్రయోజనం లేదు. ఆ పిల్లవానికి తెలివి లేక కాదు, తెలివికి తగిన వస్తువు తరగతి గదిలో దొరకక పారిపోయాడు. ఆ వస్తువు మరికొన్నేళ్ళకు ఊరి బాటమీద తానే ఎదురువచ్చింది.

మోటారు సైకిలు నేర్పిన పాఠం

యౌవనం తొలిరోజులలో ఆయన ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి నడుపుకుంటూ వచ్చిన మోటారు సైకిలును చూశారు. ఎద్దు లేదు, గుఱ్ఱం లేదు, బండి తానే పరుగెత్తుతోంది. ఆ దృశ్యం ఆయన మనస్సును విడువలేదు. దానిని ఎలాగైనా సొంతం చేసుకోవాలన్న పట్టుదలతో కోయంబత్తూరు చేరి ఒక హోటల్లో సర్వరుగా కుదిరారు. కొన్నేళ్ళు కూలిడబ్బు కూడబెట్టి, సుమారు 300 రూపాయలు చెల్లించి అదే బండిని కొనుగోలు చేశారని చెబుతారు. అది రడ్జ్ అనే ఇంగ్లండు కంపెనీ వాహనం.

కొన్నవాడు ఎవరైనా ముందు ఎక్కి తిరుగుతాడు. నాయుడు గారు మాత్రం దానిని ముక్కముక్కగా విప్పారు, తిరిగి కూర్చారు. ఆయన మెకానిక్ విద్యకు ఓనమాలు అక్కడే పడ్డాయి.

విప్పడం ఎవరైనా చేయగలరు. రేడియోను, గడియారాన్ని విప్పి కూర్చోని పిల్లవాడు మన పల్లెల్లో ఏ ఇంటిలో లేడు? తిరిగి కూర్చేటప్పుడే అసలు పరీక్ష. ఏ బోల్టు ఏ రంధ్రానిదో, దాని కింద ఏ వాషరు ఉండేదో, ఎంత బిగువున ఉండేదో గుర్తుండాలి. తక్కువ బిగిస్తే ఇంజను అదురుకు సడలుతుంది. ఎక్కువ బిగిస్తే మర తెగుతుంది, లేదా బోల్టే విరుగుతుంది. ఈ రెంటి నడుమ ఉన్న సరియైన బిగువును చేయి తెలుసుకోవడమే మెకానిక్కు తొలి చదువు.

ఇక్కడ పాఠకులు ఒక సంగతి గ్రహించాలి. బోల్టు అంటే రెండు ఇనుప ముక్కలను గుచ్చిపట్టిన మేకు కాదు. నట్టును తిప్పి బిగించినప్పుడు బోల్టు కంటికి తెలియనంత స్వల్పంగా సాగుతుంది. సాగినది తిరిగి కుంచించుకోవాలని లోపలికి లాగుతుంది. ఆ లాగుడే ఇరువైపుల భాగాలను అదిమిపట్టి కదలకుండా ఉంచుతుంది. గడ్డిబండికి మోకు కట్టే రైతుకు దీనిని వేరే వివరించనక్కరలేదు. గడ్డిని కదలకుండా పట్టి ఉంచేది మోకు లావు కాదు, దాని బిగువు. బోల్టుకూ అంతే.

మరొక విశేషం. మనం స్పానరుపై చూపే బలంలో సుమారు పదోవంతు మాత్రమే బోల్టును సాగదీయడానికి ఉపయోగపడుతుంది. తక్కినదంతా మరల నడుమనూ, నట్టు అడుగుననూ ఉండే రాపిడిని జయించడానికే ఖర్చవుతుంది. అందువలన తుప్పు, మట్టి, పెయింటు పట్టిన మరను ఎంత గట్టిగా తిప్పినా చేతికి బిగువుగా తోస్తుందే గాని, లోపల బోల్టు సాగి ఉండదు. అదే మరకు నూనె పూస్తే రాపిడి తగ్గి, అదే బలానికి బోల్టు మితిమీరి సాగి తెగవచ్చు. చేతి అంచనా మోసపోయేది ఇక్కడే.

పొళ్ళాచ్చి నుండి పళనికి

బండి బాగుచేయడం వచ్చినంత మాత్రాన జీవితం వెంటనే గాడిన పడలేదు. నాయుడు గారు పత్తి వ్యాపారంలో దిగి, బొంబాయి వరకు వెళ్ళి నష్టపోయి వెనుదిరిగారు. పిమ్మట కోయంబత్తూరులోని ఆంగ్లేయ పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ అప్పు ఇచ్చి ఆదుకోగా, 1920లో ఒక బస్సు కొని పొళ్ళాచ్చి, పళని మధ్య నడపసాగారు. యజమానీ ఆయనే, డ్రైవరూ ఆయనే.

ఆనాటి బస్సును ఊహించుకోండి. పైకట్టు చాలవరకు చెక్కతో చేసినది. దారి కంకర దారి. పళని మురుగన్ దర్శనానికి వెళ్ళే భక్తులతో నిండిన బండి గోతులలో పడుతూ లేస్తూ సాగాలి. అదురు ఒక పక్క, ఎండకు చెక్క ఎండి కుదించుకుపోవడం మరొక పక్క. అటువంటి బండిలో ఏ బోల్టూ ఉదయం ఉన్నట్టు సాయంత్రం ఉండదు. దానిని నడిపేవాడికి బండి విడిచాక స్పానరు పట్టుకోవడం కూడా ప్రయాణంలో భాగమే.

అదురుకు నట్టు ఎందుకు సడలుతుంది? చాలకాలం దీనికి సరియైన సమాధానం ఎవరికీ తెలియదు. నిలువుగా గుంజే బలమే దానిని ఊడదీస్తుందని తలచేవారు. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మను ఇంజనీరు ఒక పరీక్షాయంత్రం నిర్మించి, అసలు శత్రువు అడ్డంగా వచ్చే కదలిక అని నిరూపించారు. పశువును కట్టిన గుంజను పీకవలసివస్తే మనం దానిని నిట్టనిలువుగా లాగము. అటూ ఇటూ ఆడించి వదులుచేసి పీకుతాము. బోల్టు విషయంలోనూ జరిగేది అదే. మర అనేది బోల్టు ఒంటికి చుట్టిన ఏటవాలు దారి. నట్టు ఆ ఏటవాలునుండి జారకుండా ఆపుతున్నది రాపిడి ఒక్కటే. బిగించిన భాగాలు అడ్డంగా కదలిన ప్రతిసారీ ఆ రాపిడి క్షణకాలం పట్టు విడుస్తుంది. నట్టు వెంట్రుకవాసి వెనక్కు జారుతుంది. వేల పర్యాయాలు ఇలా జరిగితే నట్టు నేల రాలుతుంది.

ఈ పరిశోధన ఒక వాడుక నమ్మకాన్ని కూడా తలకిందులు చేసింది. స్ప్రింగు వాషరు వేస్తే ఇక నట్టు ఊడదని మన మెకానిక్కులు తరతరాలుగా నమ్మారు. అడ్డపు అదురును అది ఆపజాలదని పరీక్షలలో తేలింది. భాగాలు అసలు కదలకుండా ఉండేంత బిగువు బోల్టులో ఉండడమే మొదటి రక్ష. తక్కినవన్నీ దానికి తోడు మాత్రమే.

ఒక్క బండి నుండి 280 బండ్లకు

ఒక్క బస్సుతో మొదలైన సంస్థ యూనివర్సల్ మోటార్ సర్వీస్ అన్న పేరుతో విస్తరించింది. ప్రజలు దానిని యు.ఎం.ఎస్. అని పిలిచారు. 1933 నాటికి 280 బస్సులు దాని అధీనంలో ఉన్నట్లు చెబుతారు. సమయపాలనకు ఆ సంస్థ పెట్టింది పేరు. టికెట్లు ఇచ్చే యంత్రాన్ని కూడా నాయుడు గారు రూపొందించారు.

బండి ఒక్కటైనప్పుడు యజమాని కన్ను అన్ని మరలనూ చూస్తుంది. బండ్లు వందలైనప్పుడు ఒక్కడి కన్ను చాలదు. అప్పుడు కావలసినది పద్ధతి. ఎవరు, ఎప్పుడు, ఏ బోల్టును, ఎంత బిగువున చూడాలో ముందే నిర్ణయమై ఉండాలి. సమయానికి బయలుదేరే బస్సు వెనుక సమయానికి జరిగిన తనిఖీ ఉండి తీరుతుంది. తనిఖీ లేని చోట సమయపాలన నాలుగు దినాల ముచ్చటే.

ఈ పద్ధతికి మూలం మరొకటి ఉన్నది. అది మరల ఏకరూపత. పందొమ్మిదవ శతాబ్దపు తొలి భాగంలో ఇంగ్లండులో సైతం ఏ కర్మాగారపు మర దానిదే. ఒకచోటి నట్టు మరొకచోటి బోల్టుకు ఎక్కేది కాదు. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు అనేక కర్మాగారాల బోల్టులను సేకరించి పరిశీలించి, 1841లో ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించారు. మర కోణం 55 డిగ్రీలు ఉండాలని, ప్రతి లావుకూ అంగుళానికి ఇన్ని చుట్లు ఉండాలని నిర్ణయించారు. బ్రిటిషు రైళ్ళు, యంత్రాలతోపాటు ఆ మర మన దేశానికీ వచ్చింది. 1956 చట్టంతో మన దేశం మెట్రిక్ కొలతలకు మారిన తరువాత 60 డిగ్రీల మిల్లీమీటరు మరలు క్రమంగా వ్యాపించాయి.

రెండు కొలతలూ కలగాపులగమైన చోట ప్రమాదం పొంచి ఉంటుంది. పాత ఇంజను అర అంగుళపు నట్టును 12 మిల్లీమీటర్ల బోల్టుకు పెడితే ఒకటి రెండు చుట్లు ఎక్కి, సరిపోయినట్టే తోస్తుంది. నిజానికి వాటి చుట్ల ఎడం వేరు. బలవంతంగా తిప్పితే మరలు నలుగుతాయి, పట్టు మాత్రం ఉండదు. పాత సామాన్ల డబ్బాలో దొరికిన నట్టును చేతికందిందని బిగించే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉన్నది కనుక ఈ మాట చెప్పవలసివచ్చింది.

మోటారు, క్షురయంత్రం, కారు

బస్సులతో నాయుడు గారు తృప్తిచెందలేదు. ఐరోపా దేశాలు పర్యటించి, అక్కడి కర్మాగారాలను పరిశీలించారు. బ్యాటరీతో నడిచే చిన్న క్షురయంత్రాన్ని రాసంత్ అన్న పేరుతో వెలువరించారు. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి పీళమేడులో విద్యుత్ మోటారును తయారుచేశారు. దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా అది ప్రసిద్ధికెక్కింది. కోయంబత్తూరు మోటార్లకు, పంపులకు దేశమంతటా పేరు రావడానికి అటువంటి ప్రయత్నాలే పునాది. మన కృష్ణగిరి జిల్లా బావుల వద్ద పనిచేసే పంపుసెట్లలో ఆ నగరంనుండి వచ్చినవి ఎన్నో.

ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేయగలనని 1941లో ప్రకటించారు. 1952లో ఇద్దరు కూర్చోగల చిన్న పెట్రోలు కారును రూపొందించి, 2,000 రూపాయలకు ఇవ్వగలనన్నారు. ప్రభుత్వం తయారీకి లైసెన్సు ఇవ్వలేదు. పండ్లరసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే పంకా, మోసానికి తావులేని ఓటు నమోదు యంత్రం ఆయన చేతినుండి వెలువడిన వస్తువులలో కొన్ని. వ్యవసాయంలోనూ ప్రయోగాలు సాగించి, ఆయన పెంచిన పదడుగుల పత్తిమొక్కలు శాస్త్రజ్ఞులను సైతం ఆకర్షించాయి.

ఇన్ని వస్తువులలో ఒక సామాన్య గుణం కనిపిస్తుంది. అవి ధనవంతుని విలాసానికి గాక సామాన్యుని అందుబాటుకు ఉద్దేశింపబడినవి. చవకగా చేయాలంటే భాగాలు తక్కువగా ఉండాలి, ఎవరైనా విప్పి బాగుచేసుకోగలిగేట్టు ఉండాలి. మోటారు సైకిలును విప్పి కూర్చిన చేతికి ఈ సూత్రం ఎవరూ నేర్పనక్కరలేదు.

బడి విడిచినవాడు కట్టిన కళాశాల

నాయుడు గారి జీవితంలో నన్ను అత్యధికంగా ఆలోచింపజేసిన ఘట్టం ఇది. 1944లో ఆయన మోటారు వ్యాపారాల ప్రత్యక్ష నిర్వహణనుండి తప్పుకుని పరిశోధక విద్యార్థులకు వేతనాలు, కార్మికుల సంక్షేమానికి పథకాలు ప్రకటించారు. మరుసటి సంవత్సరం కోయంబత్తూరులో సాంకేతిక కళాశాల ఆయన చొరవతో ఏర్పడింది. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు దానికి పెట్టారు. దాని తొలి ప్రిన్సిపాల్ నాయుడు గారే. పలకా బలపం విడిచి పారిపోయినవాడు ఇంజనీరింగు కళాశాలకు అధిపతి అయ్యాడు. ఆ సంస్థయే నేటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల.

అయితే ఆ పదవిలో ఆయన ఎక్కువకాలం నిలువలేదు. ఇంజనీరింగు చదువుకు నాలుగేళ్ళు అనవసరమని, చేతిపనితో కలిపి బోధిస్తే రెండేళ్ళలోనే విద్యార్థిని తీర్చిదిద్దవచ్చునని ఆయన అభిప్రాయం. ప్రభుత్వం అందుకు అంగీకరించలేదు. ఆయన తప్పుకున్నారు.

ఈ వివాదంలో న్యాయం ఎవరిదని విద్యార్థులు అడిగితే, ఇద్దరిదీ కొంత ఉన్నదని చెబుతాను. స్పానరు పట్టకుండా బోల్టు బొమ్మను మాత్రమే గీసిన ఇంజనీరుకు బిగువు అంటే ఏమిటో చేతికి తెలియదు. అందులో నాయుడు గారి మాట అక్షరసత్యం. కాని చేతి అనుభవం ఒక్కటే చాలునంటే, స్ప్రింగు వాషరు కథ అడ్డువస్తుంది. లక్షలాది చేతులు దశాబ్దాలపాటు నమ్మిన దానిని ఒక ప్రయోగశాల తప్పని చూపింది. ఎలా బిగించాలో చేయి చెబుతుంది, ఎందుకు సడలిందో శాస్త్రం చెబుతుంది. ఒకటి బోల్టు అయితే మరొకటి నట్టు. విడివిడిగా ఏదీ దేనినీ పట్టి ఉంచజాలదు.

పాఠశాలలో అక్షరం నేర్చి, ఐ.టి.ఐ.లో చేతిపని నేర్చి, కర్మాగారంలో టార్క్ రెంచి పట్టుకున్న మన బిడ్డ ఈ రెండింటినీ కలిపినవాడు. నిర్ణీత బిగువు రాగానే టక్కుమని తెలిపే ఆ పనిముట్టు చేతి అంచనాకు కొలతను జోడించినది. దానిని పట్టినవాడిని చదువు రానివాడని తలచడం మన అజ్ఞానం.

పగిలిన వస్తువులు, నిలిచిన పేరు

ఆయన జీవితంలో బిగువు నిలిచిన చోట్లే గాక సడలిన చోట్లూ ఉన్నాయి. ఎన్నికలలో పోటీచేసి ఓడిపోయారు. ప్రభుత్వ అనుమతులతో, పన్నులతో ఆయనకు నిరంతరం ఘర్షణ. 1950ల దశకంలో ఒక సందర్భంలో, ఆ విధానాలకు నిరసనగా తాను తయారుచేసిన వస్తువులను బహిరంగంగా పగులగొట్టించారని తమిళనాట చెప్పుకుంటారు. ఆ వస్తువులను పగులగొట్టే బదులు ప్రజలకు పంచిపెట్టి ఉండవచ్చునని అనిపించక మానదు. కాని తన శ్రమకు దేశంలో చోటు లేదని భావించిన ఒక శిల్పి బాధ ఎంతటిదో ఆ చర్య తెలుపుతుంది. భాగాలు ఎంత చక్కగా చేసినా, వాటిని చేర్చి పట్టే బిగువు లేకపోతే యంత్రం కాజాలదు. మనిషి ప్రతిభకు, రాజ్యపు విధానానికి నడుమ కూడా అటువంటి బిగువు ఒకటి కావాలి. అది ఆయన కాలంలో కుదరలేదు.

నాయుడు గారు 1974 జనవరి 4న దివంగతులయ్యారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేరిట ధర్మసంస్థ, పారిశ్రామిక ప్రదర్శనశాల నడుస్తున్నాయి. 2015లో అక్కడే మోటారు కార్ల ప్రదర్శనశాల కూడా ఆరంభమైంది. 2025 అక్టోబరులో అదే రోడ్డుపై సుమారు 10 కిలోమీటర్ల పొడవున కట్టిన పైవంతెనకు ఆయన పేరు పెట్టారు. బడి ఎగ్గొట్టిన పల్లెటూరి కుర్రవాడి పేరు మీదుగా నేడు వేలాది వాహనాలు పరుగెత్తుతున్నాయి. సేలం దాటి కోయంబత్తూరు వెళ్ళే మనవారు పిల్లలకు ఆ ప్రదర్శనశాలలను చూపించి రావడం మంచిది.

మన వాకిట నిలిచిన బండి

మహనీయుల జీవితం చదివి పక్కన పెట్టడానికి కాదు గనుక, మన ఇంటి బండికి, పంపుసెట్టుకు పనికివచ్చే నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

ట్రాక్టరు ట్రైలరుకు గాని, కారుకు గాని చక్రం మార్చినప్పుడు నట్లను వరుసగా గాక, ఒకదానికి ఎదురుగా ఉన్నదానిని తరువాత బిగించుతూ రావాలి. అప్పుడే చక్రం నలువైపులా సమంగా కూర్చుంటుంది. 50 నుండి 100 కిలోమీటర్లు నడిచిన పిమ్మట తిరిగి ఒకసారి బిగువు చూడాలి. గడ్డిబండి నాలుగు ఫర్లాంగులు సాగేసరికి గడ్డి అణగి మోకు వదులైనట్టే, కొత్తగా బిగించిన చోట మట్టి, పెయింటు, గరుకు అణగి బోల్టు కొంత వదులవుతుంది. బండివాడు దిగి మోకును మళ్ళీ బిగిస్తాడు. ట్రాక్టరు డ్రైవరు కూడా అలాగే దిగాలి.

బిగించిన తరువాత నట్టుమీదుగా బోల్టు మీదికి, కింది రేకు మీదికి కలిపి ఒక పెయింటు గీత గీస్తే, నట్టు కదలినప్పుడు గీత తెగి కంటికే తెలుస్తుంది. రెండు నట్లు వేసేచోట పలుచని నట్టు ముందు, మందమైన నట్టు దానిపైన ఉండాలి. మనవారు చాలచోట్ల దీనిని తిరగవేస్తారు. స్ప్లిట్ పిన్ను నట్టు పూర్తిగా ఊడిపోకుండా ఆపుతుందే గాని బిగువును నిలుపదు. ఒకసారి వంచి తీసిన పిన్నును మళ్ళీ వాడరాదు. లోపల నైలాను వలయమున్న నట్టు అరిగి చేతితోనే సులువుగా తిరుగుతుంటే కొత్తది వేయాలి. తీవ్రమైన అదురు ఉన్నచోట మరలకు పూసే ద్రవపు జిగురు 1950ల నుండి వాడుకలోకి వచ్చింది. మరలను శుభ్రం చేసి పూస్తే అది గట్టిపడి మరల నడుమ సందును పూడ్చుతుంది, నట్టును కదలనీయదు.

పంపుసెట్టు మోటారు అదురుతూ శబ్దం చేస్తే ముందు పునాది బోల్టులు చూడాలి. పగటిపూట కరెంటు ఆపి, మోటారు, పంపు ఒకే వరుసలో ఉన్నాయో లేదో సరిచూడాలి. వరుస తప్పిన మోటారును ఎంత బిగించినా అది మళ్ళీ సడలుతుంది. కారణాన్ని విడిచి నట్టును మాత్రం దండించి లాభం లేదు.

ఇక సైకిలు. పిల్లలను పిలిచి ఎడమవైపు పెడలును గమనించమనండి. దాని మర తక్కిన మరలకు ఎదురుగా తిరుగుతుంది. కుడివైపు పెడలు వలెనే దానికీ మామూలు మర ఉంటే, తొక్కేకొద్దీ తానే సడలి ఊడిపోయేది. తొక్కుడువల్ల ఊడకుండా ఉండేలా ఎవరో ఒక బుద్ధిశాలి మర దిశనే మార్చారు. ఎందుకు అని ఆ పిల్లవాడు అడిగితే విసుక్కోకండి. ఒక స్పానరు చేతికిచ్చి విప్పి చూడమనండి. అయితే ఒక్క షరతు పెట్టండి. విప్పిన చేయే తిరిగి బిగించాలి. కలంగల్ కుర్రవాడు తన మోటారు సైకిలుకు చేసినది అదే.